భయపడేవాళ్లకు ముందు తాళంచెవి

పొద్దున్నే మా దాణా గదిలోకి అడుగు పెట్టగానే ఒక వాసన ముక్కుకు తగులుతుంది. అప్పుడే కోసిన జామపండు, మగ్గిన అరటి, రాత్రి నానబెట్టిన పెసలు, కడిగిన గచ్చు, అన్నీ కలిసిన వాసన అది. ఆ వాసన వచ్చిందంటే వెనకాలే షాహీన్ మేడం గొంతు కూడా చెవిలో మోగుతుంది నాకు. "అరే, చిన్నగ కొయ్యున్రి! మీ నోరు కాదు, తినేదాని నోరు సూసి కొయ్యున్రి!" ఇవాళ ఆ గొంతు మరీ గట్టిగా వినిపించింది. ఎందుకంటే మేడం నిజంగానే వస్తున్నారు. రిటైరయ్యాక, మోకాలి ఆపరేషన్ అయ్యాక, మొదటిసారి. మా జూలోని పెద్ద జాలీలోకి, అదే వల పంజరంలోకి, ఈ రోజు కొత్త కాపురం దిగుతోంది. అది చూడ్డానికి వస్తానని ఫోన్ చేశారు. నిన్నటి నుంచి నాకు అన్నం సయించడం లేదంటే నమ్మండి. పరీక్ష రాసే పిల్లకంటే హీనంగా ఉంది నా పరిస్థితి.

మీరు ఆవిణ్ని చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవాళ్లు కాదు. సిద్దిపేట నుంచి కొండపాక వైపు వచ్చే దారిలో మా చిన్న జూ ఉంది. చుట్టుపక్కల వాళ్లంతా దాన్ని జింకల పార్కు అంటారు. పులీ సింహం లేవు, ఏనుగు అసలే లేదు. కొన్ని దుప్పులు, కృష్ణజింకలు, నెమళ్లు, నాలుగు ముళ్లపందులు. పట్నం నుంచి వచ్చినవాళ్లు గేటు దగ్గరే "ఇంతేనా?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్లను మేడం స్వయంగా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేవారు. బయటికి వచ్చేటప్పుడు వాళ్లు ఆ మాట అనేవారు కాదు.

నేను బయాలజిస్టుగా చేరిన రోజు మీటింగు గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కాకపోతే అది నడిమధ్యలో ఉంది. ఒక పక్క పశువుల డాక్టరు గారు, ఇంకో పక్క ఆఫీసులో అందరికంటే పెద్ద గొంతున్న సూపర్‌వైజరు. నేను వెళ్లి గోడకు ఆనుకొని నిలబడ్డాను. మా నాయిన తాళ్లెక్కి కల్లు గీస్తాడు. మా ఇంట్లో ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషిని నేనే. జువాలజీ పుస్తకంలో ఏ పేజీ అడిగినా చెబుతాను గానీ, పదిమంది కూర్చున్న గదిలో నా పేరు అడిగితే గొంతు పెగలదు. అప్పుడు తలుపు తోసుకుని ఒక పొట్టి మనిషి వచ్చింది. సల్వార్ కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో దారానికి వేలాడుతున్న కళ్లజోడు, చేతిలో ఇంత తాళంచెవుల గుత్తి. మా క్యూరేటరు ఆవిడే. గది మొత్తం ఒకసారి చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"నీ పేరేంది బేటీ?"

"స్వరూప, మేడం." ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు.

గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "పెద్ద జాలీది. ఇయ్యాల్టి సంది నీ దగ్గరనే ఉంటది. డాక్టర్ సాబ్ అయినా, నేనైనా, నిన్ను అడిగినంకనే లోపలికి పోవాలె."

సూపర్‌వైజరు మొహం చూడాలి! నాకైతే కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక్క చూపులో నా తెలివి పసిగట్టేసిందనుకున్నాను ఈ మనిషి. ఆ అభిప్రాయంతో నేను చాలా ఏళ్లు హాయిగా బతికాను.

ఆ జాలీ అప్పటికి ఖాళీ. మూడంతస్తుల ఎత్తున ఇనుప వల, లోపల రెండు వేపచెట్లు, రేగు పొదలు, ఎండాకుల మెత్త. ఒక గాలివానకు వల చిరిగితే పక్షులన్నిటినీ వేరే చోటికి పంపేశారు. వల బాగుచేశారు గానీ పక్షులు తిరిగి రాలేదు. ఖాళీ జాగ కనపడితే ఊరుకుంటారా ఎవరైనా? పై ఆఫీసరు గారు ఒక రోజు వచ్చి, దాని చుట్టూ తిరిగి, దీన్ని పీకేసి పిల్లలకు జారుడుబల్లలు వేయిద్దామన్నారు.

"సార్, దసరా దాక టైమియ్యున్రి. నింపి సూపిస్త," అన్నారు మేడం.

"ఏంతోని నింపుతరు మేడం? పక్షులకు అంత బడ్జెట్ లేదు. జంతువులకు ఇది పనికి రాదు."

"రెండింటిని కలిపి పెడ్త సార్. పిట్టలు, జంతువులు, ఒక్క జాలీల."

ఆయన నవ్వారు. "కొట్టుకొని సస్తయ్ మేడం! సరే, మీ ఇష్టం. గని ఒక్కటి గాయపడ్డా, ఒక్కటి కనపడకపోయినా, తెల్లారి జారుడుబల్లలే."

ఆయన జీపు గేటు దాటకముందే మేడం నా భుజం పట్టుకుని ఊపేశారు. కళ్లు మెరుస్తున్నాయి. "బేటీ, ఒప్పుకున్నడు! ఒప్పుకున్నడు! ఇగ సూడు తమాషా!" నాకేమో భయంగా ఉంది. ఆ జాలీ పోతే, పిట్టల్నీ జంతువుల్నీ కలిపి పెంచాలని ఆవిడ ఇరవయ్యేళ్లుగా కంటున్న కల పోతుందని అప్పటికే అందరూ చెప్పి ఉన్నారు నాకు. కొత్త జాలీ కట్టించే డబ్బు మా జూకు ఈ జన్మలో రాదు.

ఏ ఏ జంతువుల్ని కలపాలో తేల్చడానికి మేడం లైబ్రరీకి తీసుకుపోతారనుకున్నాను. స్కూటర్ మీద ఎక్కించుకుని సిద్దిపేట బజారులో ఉన్న వాళ్ల పుట్టింటికి తీసుకుపోయారు. సందులో పాత మేడ. ఒకటే వాకిలి, ఒకటే నల్లా, ఒకటే మెట్ల వరస, అందులో నాలుగు కిరాయి కాపురాలు. వాకిట్లో మంచం మీద మేడం వాళ్ల అమ్మ, అందరూ అమ్మీ అని పిలిచే పెద్దావిడ, తమలపాకులు తుడుచుకుంటూ కూర్చుంది. జీవితమంతా కిరాయిదారులను ఎంచడమే ఆమె పని. అంతకాలంలో ఆ ఇంట్లో ఒక్క పెద్ద కొట్లాట జరగలేదట.

"అమ్మీ, ఎవలన్న అర్ర అడగనీకి వస్తే నువ్వు ఏం అడుగుతవో ఈ పిల్లకు చెప్పు," అన్నారు మేడం.

అమ్మీ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది, కిరాయి గది కోసం వచ్చాననుకున్నట్టుంది. "కులమేంది, జీతమెంత అని నేను అడగ. పొద్దుగాల ఎన్నింటికి లేస్తవ్? నల్లా కాడికి ఎప్పుడొస్తవ్? యాడ కూసుంటవ్, గడప మీదనా, డాబా మీదనా? చుట్టాలు ఎప్పుడొస్తరు, వస్తే ఎన్ని దినాలుంటరు? గంతే. ఒక్క తీరు ఉన్నోళ్లను ఇద్దర్ని పెట్టిననుకో, నల్లా కాడ బిందెలతోని కొట్టుకుంటరు. పొద్దున లేశేటోడు ఒకడు, రాత్రి డ్యూటీ చేశేటోడు ఒకడు, డాబా మీద పతంగులు ఎగరేశేటోడు ఒకడు. ఒకని మొఖం ఇంకొకనికి కనపడనే కనపడదు. పండుగకు సేమియా పంచుకుంటరు."

మేడం నా వైపు తిరిగి కళ్లెగరేశారు. "విన్నవా? నీ యూనివర్సిటీల ఇది చెప్పిన్రా?" చెప్పారు, నిజానికి. వేరే వేరే ఎత్తుల్లో, వేరే వేరే వేళల్లో తిరిగే జాతులను కలపాలని పుస్తకంలో ఉంది. కానీ నల్లా దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్లను ఊహించుకునేసరికి ఆ వాక్యం నాకు మొదటిసారి అర్థమైంది.

ఆ తర్వాత వారం రోజులు మా ఆఫీసు సంబంధాలు చూసే ఇల్లులా తయారైంది. ఎవరు ఏ జంతువు పేరు చెప్పినా మేడం అమ్మీ ప్రశ్నలే అడిగేవారు. నేను నెమలి అన్నాను, జనం చూడ్డానికి వస్తారని. "పింఛం వచ్చిన నెల రోజులు వాకిలంత నాదే అంటది. వద్దు." డాక్టరు గారు ముళ్లపంది అన్నారు. "రాత్రి తిరిగేటోడు, మంచోడే. గని పునాదులు తవ్వుతడు. అట్లాంటోనికి ఇల్లు ఎవడిస్తడు సాబ్?" కొండ ఉడత అని ఎవరో అంటే అందరం సరదాపడ్డాం, ఎంత అందంగా ఉంటుంది! మేడం తల అడ్డంగా ఊపారు. "పక్కోళ్ల వంటింట్ల చెయ్యి పెట్టే రకం. గుడ్లు మిగలయ్." అడవికోడి పుంజు కాలి ముల్లు చూసి వద్దన్నారు. రామచిలకలు కొమ్మలన్నీ తమవే అంటాయని పక్కన పెట్టారు. మా జంతువులను చూసుకునే మల్లేశన్న నవ్వు ఆపుకోలేక, "మేడం, మీరు ఇట్ల సూస్తే మనుషులకు సుత ఇల్లు దొరకదు," అన్నాడు.

చివరికి మిగిలింది మూడే కాపురాలు. పై అంతస్తుకు పచ్చ పావురాలు. వేపచిగురుల్లో కలిసిపోతాయి, కిందికి దిగడానికి వాటికి బద్ధకం. కింద పొద్దునా సాయంత్రం చకచకా నాలుగు గింజలు ఏరుకుని పొదల్లోకి పోయే కౌజు పిట్టలు. పొదల లోపల మూషిక జింకలు. మీరు చూసి ఉండకపోతే చెబుతాను, అది కుందేలంత ఉంటుంది. ఒంటి మీద తెల్లటి చారలు, పెన్సిలంత కాళ్లు, మొహం నిండా కళ్లు. ఆకు రాలితే ఉలిక్కిపడుతుంది. దేశంలో అంతకంటే పిరికి జంతువు ఉందనుకోను. పెద్ద జూ వాళ్లు మగది ఒకటి, ఆడవి రెండు ఇస్తామన్నారు, జాగ్రత్త అని పదిసార్లు చెప్పి మరీ.

అసలు గొడవ అక్కడ మొదలైంది. ముందు ఎవరిని దింపాలి? పావురాలనే దింపుదామని మేమంతా అన్నాం. పైన రెక్కలు కనపడితే ఆఫీసరు గారికి ఏదో జరుగుతోందని నమ్మకం కలుగుతుందని మా లెక్క. మేడం ఒప్పుకోలేదు.

"భయపడేటోళ్లకు ముందు తాళంచెవి ఇయ్యాలె," అన్నారు. "ముందొచ్చినోళ్లకు ఇల్లు తనదనిపిస్తది. తనదనుకుంటే ఎంత పిరికిదైనా జర నిలబడతది. ధైర్యమున్నోడు ఎప్పుడొచ్చినా తన జాగ తనే జూసుకుంటడు."

అలా మూషిక జింకలే ముందొచ్చాయి. అవి రాకముందు మాత్రం మల్లేశన్నకు పెద్ద పరీక్ష జరిగింది. బోలు దుంగలతో, రాళ్లతో కట్టిన దాక్కునే ఇళ్లలో ప్రతిదానికీ రెండో దారి ఉండాలన్నది మేడం పట్టు. "ఎనక దర్వాజ లేని ఇల్లు ఇల్లు కాదు, బోను." ఉందో లేదో చూడటానికి మల్లేశన్నను పాకమన్నారు. అన్న మాంచి భారీ మనిషి. ఒక దుంగలో నడుము దాకా దూరి ఇరుక్కున్నాడు. "మేడం, ఎనక దారి లేదు!" అని లోపలి నుంచి అరిచాడు. కాళ్లు పట్టి లాగాం, రాలేదు. చివరికి అటు వైపు దుంగను రంపంతో కోసి, అటు నుంచే బయటికి తీశాం. "గిదే నీ దర్వాజ," అన్నారు మేడం కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. ఆ రోజు నవ్వినంత నవ్వు నేను మళ్లీ నవ్వలేదు.

మూషిక జింకలు జాలీని తమది చేసుకున్నాయి. తర్వాత కౌజులను, పావురాలను లోపలే చిన్న వల వెనక కొన్నాళ్లు ఉంచి, ఒకదానికొకటి అలవాటు పడి చూపులు అయ్యాక వదిలాం. అంతా సాఫీగా సాగుతోంది. దసరా సెలవుల ముందు ఆఫీసరు గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. అప్పుడు మల్లేశన్న మంచి మనసుతో ఒక పని చేశాడు.

మేం దాణాను ఒక్కో జాతికి ఒక్కో చోట, ఒక్కో ఎత్తులో పెట్టేవాళ్లం. సారు వచ్చేసరికి అన్నీ ఒక్కచోట కనపడితే ముచ్చటగా ఉంటుందని, కలిసి తింటే కలిసిపోతాయని అన్నకు అనిపించింది. దాణా పెట్టాలని నాతో తాళం తీయించుకుని, పెళ్లిలో బంతి వేసినట్టు జాలీ నడుమ విస్తరాకులు వరసగా పరిచాడు. పెసలు, జామ ముక్కలు, అరటి, గింజలు, ఏదీ తక్కువ చెయ్యలేదు. మనవాళ్లకే తట్టే ఆలోచన అది! బంతి భోజనం పెడితే పగలు పోతాయంటారు కదా. పావురాలన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ నేలకు దిగాయి. కౌజులు ఆకుల మీద నిలబడి రచ్చ మొదలుపెట్టాయి. ఆ రెక్కల చప్పుడుకు మూషిక జింకలు బాణాల్లా పారిపోయాయి. నేను పరుగెత్తి వచ్చేసరికి రెండు పొద కింద వణుకుతూ కనిపించాయి. చిన్న ఆడది లేదు. ఎక్కడా లేదు.

గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది.

సూపర్‌వైజరు మనుషులను పిలిచి పొదలన్నీ వెతికిద్దామన్నాడు. మేడం పరుగున వచ్చారు. ఒక్క చూపుతో సంగతి గ్రహించారు. తిడతారనుకుని మల్లేశన్న తల దించుకున్నాడు.

"మల్లేశం, పెండ్లిల ఇద్దరు వియ్యపురాళ్లను ఒక్క బంతిల కూసోబెడ్తరా?"

"కూసోబెట్టరు మేడం."

"మరి? ఆ ఆకులు తీసెయ్. ఎక్కడియి అక్కడ పెట్టు. పొద్దుగాల తెచ్చిన రావిపండ్ల కొమ్మలు పైన కట్టు. ఇగ అందరు బయటికి. ఎవ్వలు ఎతకొద్దు."

అలా అందరం బయటికి వచ్చాం. నేను తాళం వేశాను. మేడం జాలీ ఎదురుగా మూడు కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, ఆఫీసరు గారిని కూర్చోబెట్టారు. "ఏవి మేడం మీ జింకలు?" అని ఆయన అడిగారు. "ఇంటోళ్లు వంటల ఉన్నరు సార్, జర కూసోండ్రి," అన్నారు ఆవిడ, ఏమీ జరగనట్టు. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఆవిడ చేతిలో సాసరు మీద కప్పు గలగలలాడటం వినిపిస్తోంది. ఆవిడకూ భయం వేస్తుందని ఆ రోజే తెలిసింది నాకు.

పావురాలు ఒక్కొక్కటే పైకి వెళ్లి రావి కొమ్మల మీద వాలాయి. పండ్లు తెంపుతున్నాయి, పిచ్చి తొందర వాటికి, ఒకటి తింటే రెండు జారవిడుస్తున్నాయి. ఎండాకుల మీద పండ్లు టపటపా రాలుతున్నాయి. ఆఫీసరు గారు గడియారం చూసుకున్నారు. అప్పుడు మల్లేశన్న ఇరుక్కున్న దుంగ వెనక నుంచి, ఆ కోసిన దర్వాజలోంచి, ఒక చిన్న ముక్కు బయటికి వచ్చింది. తర్వాత రెండు పెద్ద కళ్లు. అటూ ఇటూ చూసి, పెన్సిలు కాళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, రాలిన రావిపండు ఒకటి నోట పెట్టుకుంది. వెనకే మిగతా రెండూ వచ్చాయి. పైన పావురాలు రాలుస్తుంటే కింద జింకలు ఏరుకుంటున్నాయి! మేం అనుకున్నది కాదది, మేమెవరం నేర్పింది కాదు. నాకు కేక పెట్టాలనిపించింది. నోరు చేత్తో మూసుకున్నాను.

ఆఫీసరు గారు కప్పు కింద పెట్టి మెల్లగా ముందుకు వంగారు. గొంతు తగ్గించి, "మేడం, ఇవి ఒకదాన్నొకటి సాదుకుంటున్నయా ఏంది?" అన్నారు.

"పైనింటోళ్లు మంచోళ్లు సార్," అన్నారు మేడం.

జారుడుబల్లల మాట మళ్లీ రాలేదు. దసరా సెలవుల్లో ఆ జాలీ ముందు జనం అంతసేపు నిశ్శబ్దంగా నిలబడటం చూసి మా సూపర్‌వైజరే నోరెళ్లబెట్టాడు. పిల్లలు గుసగుసలాడుకునేవారు. మేడం వెనకాల నిలబడి జంతువులను కాదు, ఆ పిల్లల మొహాలను చూసేవారు.

ఆవిడ రిటైరైన రోజు సభలో నేను మాట్లాడాను. మైకు ముందు నిలబడి మాట్లాడే మనిషినయ్యాను అప్పటికి. చేరిన మొదటి రోజే నా తెలివి గుర్తించి, ఎవరికీ ఇవ్వని తాళంచెవి నాకిచ్చారని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కిందికి దిగాక మేడం నన్ను పక్కకు లాక్కుపోయి పడీ పడీ నవ్వారు.

"తెలివా? నీ తెలివి నాకేమెరుక బేటీ, నువ్వు నోరే ఇప్పలే! నడిమిట్ల కుర్చీ ఖాళీగుంటే, పోయి గోడకు ఆనుకొని నిలబడ్డవ్. ఈ పిల్లకు ముందు ఇల్లు ఇయ్యకపోతే వారంల పారిపోతదనుకున్న. అందుకే ఇచ్చిన."

ఒక్క క్షణం నా గర్వమంతా గాలి తీసిన బుడగైపోయింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, సంతోషంతోనే. తెలివైనదాన్నని ఇచ్చి ఉంటే అది నేను సంపాదించుకున్నది అయ్యేది. భయపడుతున్నానని ఇచ్చారు కాబట్టి, అది ఆవిడ నాకు పెట్టిన అన్నం.

ఇవాళ పదకొండు దాటాక ఆటోలో మేడం దిగారు. చేతిలో కర్ర. అవే తెల్ల బూట్లు. అందరూ చుట్టుముట్టారు. కొత్త డాక్టరు, కొత్త సూపర్‌వైజరు, తల నెరిసిన మల్లేశన్న. కొత్తగా దిగే గువ్వల జంటలు లోపల చిన్న వల వెనక తయారుగా ఉన్నాయి, వాటి చూపులు కూడా అయిపోయాయి. అందరూ ఉత్సాహంగా తలుపు దగ్గరికి తోసుకొచ్చారు. నేను తాళంచెవి తీసి, మేడం ఎక్కడున్నారా అని చూశాను.

రాత్రి పడ్డ వానకు జాలీ ముందు నేల తడిసి జారుడుగా ఉంది. ఆవిడ ముందుకు రాలేదు. కర్ర మీద ఒక చెయ్యి వేసి, దాణా గది గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు. నవ్వుతూనే ఉన్నారు గానీ కళ్లు నేల మీదే ఉన్నాయి. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు.

గుంపును దాటుకుంటూ వెళ్లి, ఆవిడ అరచేతిలో తాళంచెవి పెట్టాను.

"మీరే తియ్యున్రి మేడం. మిమ్ములను అడగకుండ ఎవ్వలం లోపలికి పోం."

ఆవిడ తాళంచెవి చూశారు, నన్ను చూశారు. "పోరీ, నాకే చెప్తున్నవా!" అన్నారు. కర్రను గోడకు ఆనించి, నా భుజం పట్టుకుని, మెల్లగా తలుపు వైపు నడిచారు. మిగతావాళ్లందరం వెనక ఆగాం.